ఆ అడ్డగీత తీసేయండి

మిత్రమా,

ఉత్తరం కింద పొడి అక్షరాలే పెట్టారు కాబట్టి మిమ్మల్ని బాబూ అనాలో అమ్మా అనాలో తెలియలేదు. ‘మీరు’ అనేస్తున్నాను. తెలుగులో ఈ సుఖం ఉంది. ఆడపిల్లగా పుట్టి, ఒకపూట మగవాణ్ణనీ ఒకపూట ఆడదాన్ననీ అనిపించే కిరణ్ మీద రాసి పంపిన మీ కథలో మీరు వాడుకోనిది ఇదే.

మొదటిసారి పదో వాక్యం దగ్గరే కాగితాలు పక్కన పెట్టేశాను. ‘కిరణ్ లేచాడు/లేచింది. అద్దం ముందు నిలబడ్డాడు/నిలబడింది.’ ఆరు పేజీలూ ఇదే అడ్డగీత. రిజర్వేషన్ ఫారం నింపుతున్నట్టుంది. మళ్లీ చేతిలోకి తీసుకున్నానంటే మూడో పేజీలో అమ్మమ్మ ఫోను వల్ల. ‘ఏరా కిరణూ, తిన్నావా?’ మనవరాలిని ముద్దుగా ఏరా అనే అమ్మమ్మలు మనకి ఇంటింటా ఉంటారు. ఆ ‘రా’తో తనేమిచ్చిందో ఆవిడకి తెలియదు. అందుకున్న కిరణ్‌కి తెలుసు. అంత మంచి చోటా ‘నవ్వాడు/నవ్వింది’ అని గీత గీశారు!

ఇంగ్లీషు వాళ్ల చిక్కు సర్వనామంలో ఉంది. మన చిక్కు క్రియ చివర ఉంది. ఒక్కరినే ‘they’ అనే వాళ్ల మందు మనకెలా పనిచేస్తుంది? ‘కిరణ్ వచ్చారు’ అని రాస్తే తహశీల్దారు గారు తనిఖీకి వచ్చినట్టుంటుంది. తనని అలా పిలవమని కిరణే స్నేహితుల్ని అడిగితే, ఆ మాట సంభాషణలో రానివ్వండి, వాళ్లు తడబడటంతో సహా. ఇక ‘అది’ జోలికి పోవద్దు. తెలుగు ఏకవచనంలో ఆమె వచ్చినా ఆవు వచ్చినా క్రియ ఒకటే. చనువు లేని చోట మనిషిని ‘అది’ అనడం తిట్టు.

ఆడో మగో చెప్పకుండా తప్పించుకునే సందులు బోలెడున్నాయి. ‘రాలేదు’ ఎవరికైనా రాలేదే. రావాలి, రాకూడదు, రావచ్చు, ఇవీ అంతే. ‘కిరణ్‌కి నవ్వొచ్చింది’ అంటే వచ్చింది నవ్వు, ఆడో మగో చెప్పక్కర్లేదు. భయం వేసింది, చొక్కా నచ్చింది, చేతులు వణికాయి. ‘గుండీలు పెట్టుకుని, క్రాపు దువ్వుకుని, గడప దాటేసరికి వాన మొదలైంది.’ ఇక్కడ వాక్యాన్ని ముగించే సమాపక క్రియని వాన తీసుకుపోయింది, కిరణ్‌కి అంటలేదు. ఇంకోటి: ‘కిరణ్ వెళ్లింది గుంటూరుకి.’ చూడ్డానికి స్త్రీలింగంలా ఉంటుంది గానీ ‘రాముడు వెళ్లింది అడవికి’ అని కూడా అంటాం కదా. ఇది పేజీకి ఒకసారి చాలు. ఎక్కువైతే ప్రతి వాక్యమూ ఎవరినో సరిదిద్దుతున్నట్టుంటుంది.

ఇంత చేసి పంపాక, ప్రూఫులు దిద్దే మహానుభావుడెవరో ‘రాలేదు’ ముందు ‘ఆమె’ చేర్చి భాషాసేవ చేస్తాడు. ప్రూఫు అడిగి తెప్పించుకోండి, చేర్చిన ప్రతి ‘ఆమె’నీ కొట్టేయండి. బొమ్మకి అర్ధనారీశ్వరుణ్ణి వేస్తామంటారు, ఒప్పుకోకండి. ఈ విషయం మీద ఏ కథ వచ్చినా సంపాదకులకి ఆ బొమ్మా, కాదంటే బృహన్నలా తప్ప మూడోది తట్టదు. హాస్టల్ గదిలో ఇస్త్రీ లేని చొక్కాతో కూర్చున్న పిల్లకి వాళ్లతో పనేమిటి? (చూశారా, ‘పిల్ల’ అనేశాను. వేళ్లకి అలవాటు.)

నన్నడిగితే కథంతా ‘నేను’లో తిరగరాయండి. హిందీలో ‘నేను వెళ్తున్నాను’ అన్నా ఆడో మగో చెప్పి తీరాలి. మనకక్కర్లేదు. అయినా ఒక చోట పట్టుబడతాం. ‘గదిలో ఒక్కణ్ణే ఉన్నా’, ‘గదిలో ఒక్కదాన్నే ఉన్నా.’ మంచివాణ్ణి, పిచ్చిదాన్ని లాంటివన్నీ అంతే. వీటిని కథంతా దాచి రెండుసార్లే బయటికి తీయండి. పొద్దున ఒక్కణ్ణే, సాయంత్రం ఒక్కదాన్నే. రెండిటి మధ్యా ఏం జరిగిందో పాఠకుడు వెనక్కెళ్లి వెతుక్కుంటాడు. కిరణ్ ఆడో మగో వివరిస్తూ మీరు నాలుగో పేజీలో పెట్టిన నిర్వచనం అప్పుడు అనవసరం.

ఇక క్రేప్ బ్యాండేజి. కిరణ్ ఛాతీకి అది బిగించి చుట్టుకుని, రోజంతా తిరిగి, దాంతోనే పడుకుంటుందని రాశారు. అది బెణికిన మడమకి చుట్టేది. ఊపిరి తీసిన కొద్దీ ఒక్కో చోట ఒక్కోలా బిగుసుకుని పక్కటెముకల్ని నొక్కుతుంది. ఛాతీ చదునుగా కనిపించడానికి కుట్టిన బైండర్లయినా ఎనిమిది గంటలు దాటనివ్వరు, వాటితో నిద్రపోరు, పరుగెత్తరు. తీశాక గట్టిగా నాలుగుసార్లు ఊపిరి పీల్చి దగ్గుతారు. మే నెల గుంటూరు ఎండలో రొమ్ముల కింద చెమటకి చర్మం ఒరుసుకుపోతుంది. డబ్బు లేని పిల్లలు సరైన సైజు స్పోర్ట్స్ బ్రా, పైన బనియను, ఆపైన ముదురు గళ్ల చొక్కా వేస్తారు. గళ్లు వంపుని మింగేస్తాయి. కిరణ్ బ్యాండేజే వాడాలంటే వాడనివ్వండి గానీ మూడో మెట్టు మీద ఆయాసం రావాలి, రాత్రి పక్క తిరిగితే నొప్పి తెలియాలి.

స్నేహితురాలి నోట రెండు పేజీలు నడిచిన, ట్రాన్స్‌జెండర్లని మూడో జెండరుగా గుర్తించిన 2014 సుప్రీంకోర్టు తీర్పు తీసేయండి. చట్టం కావాలంటే నిజాం కాలపు 1919 నాటిది ఉంది. ఆడబట్టలతో, నగలతో వీధిలో కనబడిన హిజ్రాలని వారెంటు లేకుండా పట్టుకోవచ్చన్న చట్టమది. తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టేసింది. మీ కథలో వీధి చివర హిజ్రా ఒకామె కనబడి మాయమవుతుంది కదా, ఆమెకి తెలిసి ఉంటుంది. ఆమె నోట ఒక్క వాక్యం చాలు.

ఏ పత్రికకి పంపాలని అడిగారు, పారితోషికం సంగతీ అడిగారు. ముందు తిరగరాయండి. అమ్మమ్మ ఫోను మాత్రం ముట్టుకోకండి. అవతల ‘నవ్వాడు/నవ్వింది’ కొట్టేసి, కిరణ్ చేత ‘ఆఁ, తిన్నా’ అనిపించండి.