మ్యాథ్స్ లిటరసీకి ఒప్పుకునే ముందు ఏడో గ్రేడ్ లెక్కలు చేయించి చూడండి

ప్రశ్న: మేం ఆరేళ్లుగా జోహానెస్‌బర్గ్‌లో, శాండ్‌టన్‌లో ఉంటున్నాం. మా ఇంట్లో పనిచేసే ఆవిడ కూతురు పక్కనే ఉన్న అలెగ్జాండ్రా టౌన్‌షిప్‌లో (వర్ణవివక్ష కాలంలో నల్లవాళ్లకు కేటాయించిన పేదల బస్తీ) తొమ్మిదో గ్రేడ్ చదువుతోంది. చురుకైన పిల్ల, సివిల్ ఇంజినీర్ అవుతానంటుంది. లెక్కల్లో 40 లోపే వస్తున్నాయని, వచ్చే ఏడాది మ్యాథ్స్ లిటరసీ తీసుకోమని స్కూల్లో చెప్పారట. మా వారేమో ఫీజు మనమే కట్టి మంచి ప్రైవేట్ స్కూల్లో వేద్దామంటున్నారు. టౌన్‌షిప్ పిల్లల కోసం స్వచ్ఛంద సంస్థల ప్రోగ్రాములు ఉంటాయని కూడా విన్నాను. ఏం చేస్తే ఆ అమ్మాయికి నిజంగా ఉపయోగం?

జవాబు: ముందు మ్యాథ్స్ లిటరసీ సంగతి తేల్చుకుందాం, మిగతావన్నీ దాని తర్వాతే. పదో గ్రేడ్‌లోకి వెళ్లేటప్పుడు అక్కడ ఏడు సబ్జెక్టులు తీసుకోవాలి, అందులో మ్యాథమెటిక్స్ గానీ మ్యాథ్స్ లిటరసీ గానీ ఉండి తీరాలి (టెక్నికల్ మ్యాథ్స్ అని ఇంకోటి ఉంది, టెక్నికల్ స్కూళ్ల వాళ్లది, మనకు అక్కర్లేదు). లిటరసీలో నేర్పేది బడ్జెట్లు, వడ్డీలు, మ్యాపులు, కొలతలు లాంటి రోజువారీ లెక్కలు. చెడ్డ సబ్జెక్టేం కాదు, సోషల్ వర్క్ లాంటివి చదవాలంటే చాలా చోట్ల సరిపోతుంది. కానీ ఇంజినీరింగ్‌కి వెళ్లాలంటే అందులో 95 వచ్చినా లాభం లేదు. జోహానెస్‌బర్గ్‌లోని విట్స్ లాంటి యూనివర్సిటీలో ఇంజినీరింగ్ అంటే మ్యాథ్స్‌లోనూ ఫిజికల్ సైన్సెస్‌లోనూ కనీసం 60 శాతం అడుగుతారు, పోటీ చూస్తే అంతకంటే ఎక్కువే కావాలి. ఇంకో సంగతి, మ్యాథ్స్‌లో చేరి కుదరకపోతే లిటరసీకి మారడం తేలిక, లిటరసీలో చేరాక మ్యాథ్స్‌కి రావడం మాత్రం దాదాపు జరగని పని.

మరి స్కూల్లో ఎందుకలా అంటున్నారంటే, టీచర్లకు ఆ పిల్ల మీద కోపమేమీ ఉండదు. ప్రతి జనవరిలో మెట్రిక్ (అక్కడ పన్నెండో గ్రేడ్ చివరి పరీక్ష) ఫలితాలు వస్తాయి, ఏ స్కూల్లో ఎంత శాతం పాసయ్యారన్న దాని మీదే స్కూలు పరువు నిలబడుతుంది, అందుకని లెక్కల్లో తడబడే పిల్లల్ని లిటరసీ వైపు తోసే స్కూళ్లు ఉన్నాయి. మన కార్పొరేట్ కాలేజీల సెక్షన్ల వ్యవహారం చూసినవాళ్లకు ఇదేం కొత్త కాదు కదా. అయితే టీచర్ చెప్పింది నిజం కూడా కావచ్చు, అది మీరే చూసి తెలుసుకోండి. వాళ్లమ్మ సరేనంటే ఓ ఆదివారం మీ వారిని ఆ అమ్మాయి పక్కన కూర్చుని ఏడో గ్రేడ్ లెక్కలు కొన్ని చేయించమనండి. మైనస్ 3 లోంచి మైనస్ 5 తీసేస్తే ఎంత, 2/3 కి 1/4 కలిపితే ఎంత, 3(x − 2) = 12 అయితే x ఎంత, ఇలాంటివి. మార్కులు వేయొద్దు, ఎక్కడ ఆగిపోతోందో చూడండి చాలు. చాలామంది భిన్నాల దగ్గరే ఆగిపోతారు, అంటే ఆరో తరగతి నాటి గండి తొమ్మిది దాకా పూడలేదన్నమాట, దాన్ని ఏడాది పాటు విడవకుండా చేయిస్తే పూడ్చవచ్చు. కొందరికి లెక్క వస్తుంది, ప్రశ్నలో ఇంగ్లిష్ అర్థం కాదు. అక్కడ చాలా బడుల్లో మూడో గ్రేడ్ దాకా జూలూ, సెపెడి లాంటి ఇంటి భాషలో చెప్పి నాలుగు నుంచి ఒక్కసారిగా ఇంగ్లిష్‌లోకి మారుస్తూ వచ్చారు మరి. ఈ రెంటికీ మందు వేరు. అవి కాక అసలు లెక్కలంటేనే ఆ పిల్లకు ఇష్టం లేదని తేలితే ఇంజినీర్ మాట ఎవరి కోరికో కూడా నెమ్మదిగా అడగండి.

ప్రోగ్రాముల గురించి అడిగారు కాబట్టి, అవి ఎలా నడుస్తాయో ఒకటి వివరంగా చెబుతాను. 2003లో కేప్‌టౌన్ దగ్గర ఖాయెలిత్షాలో ఇకాంవాయూత్ అని మొదలైంది. స్కూలయ్యాక కొన్ని రోజులు, శనివారం పొద్దున, పిల్లలు చిన్న చిన్న గుంపులుగా కూర్చుంటారు, ఒక్కో గుంపుకు ఒక ట్యూటర్, ఎవరికి ఏది అర్థం కాలేదో అది వాళ్లే అడగాలి, లెక్చర్లు ఉండవు. ఫీజు లేదు, ప్రవేశ పరీక్ష లేదు, మంచి మార్కులున్నవాళ్లనే ఏరుకోవడం లేదు. ఒకటే షరతు, హాజరు 75 శాతం ఉండాలి, లేకపోతే సీటు పోతుంది. మెట్రిక్ పాసై యూనివర్సిటీకి వెళ్లిన పిల్లలు చాలామంది తిరిగి వచ్చి ట్యూటర్లుగా కూర్చుంటారు, అదే వీధిలో పెరిగి ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతున్న అక్క పక్కన కూర్చుని చెబితే పడే ప్రభావం మీరూ నేనూ ఎంత చెప్పినా పడదు. జోహానెస్‌బర్గ్ వైపు వాళ్ల శాఖ ఐవరీ పార్క్‌లో ఉంది, అలెగ్జాండ్రా నుంచి పిల్ల రోజూ వెళ్లే దూరం కాదు, కానీ మీరు వెతకాల్సింది ఆ తరహా ప్రోగ్రామే. అలెగ్జాండ్రాలోనే రేజ్ ఆఫ్ హోప్ అనే సంస్థ ఏళ్లుగా పనిచేస్తోంది, అక్కడ మొదలుపెట్టి అడగండి. కొన్ని పెద్ద ప్రైవేట్ స్కూళ్లు కూడా శనివారం తమ గదుల్లో టౌన్‌షిప్ పిల్లలకు క్లాసులు పెడతాయి.

వీటికి భిన్నంగా లీప్ అని పూర్తి స్థాయి స్కూళ్లు ఉన్నాయి, 2004లో కేప్‌టౌన్‌లో మొదలయ్యాయి, మ్యాథ్స్, సైన్స్ తప్పనిసరి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్కూలు, శనివారం కూడా క్లాసులు, తల్లిదండ్రుల దగ్గర ఫీజు తీసుకోరు. దాదాపు మన గురుకులం లాంటిదే, హాస్టల్ ఉండదు అంతే. అలెగ్జాండ్రా పిల్లల కోసమే లిన్‌బ్రో పార్క్‌లో ఒకటి నడుస్తోంది. పై తరగతిలో ఖాళీలుంటే తీసుకుంటారేమో ఈ వారమే ఫోన్ చేయండి, ఎందుకంటే అక్కడ విద్యా సంవత్సరం జనవరిలో మొదలవుతుంది, అడ్మిషన్ల హడావుడంతా ముందు ఏడాదే అయిపోతుంది. విట్స్ వాళ్లది టార్గెటింగ్ టాలెంట్ అని ఇంకోటి ఉంది, పదో గ్రేడ్ నుంచి పిల్లల్ని తీసుకుని సెలవుల్లో క్యాంపస్‌లో ఉంచి చదివిస్తారు, కానీ అది మార్కులు చూసి ఏరుకునేది, ఇప్పుడే దాని గురించి ఆశపెట్టుకోవద్దు.

నన్నడిగితే ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగే మామూలు ప్రోగ్రాము, రెండు ట్యాక్సీలు (అక్కడ షేర్ వ్యాన్లు) మారి వెళ్లాల్సిన పేరున్న ప్రోగ్రాము కంటే మేలు. చలికాలం సాయంత్రం ఐదున్నరకే చీకటి పడుతుంది, ఆ వేళ ఆడపిల్ల ఒంటరిగా ట్యాక్సీ స్టాండ్ దగ్గర నిలబడాల్సి వస్తే రెండు నెలల్లో మానేస్తుంది, తప్పు ఆ పిల్లది కాదు.

ఇక ప్రైవేట్ స్కూలు. మీ వారి మనసు మంచిదే, కానీ నేను వద్దంటాను. మీరు వర్క్ వీసా మీద ఉన్నారనుకుంటాను, కంపెనీ రేపు హైదరాబాద్ రమ్మంటే పదకొండో గ్రేడ్ మధ్యలో ఆ ఫీజు ఎవరు కడతారు? మెట్రిక్ దాకా అయ్యే మొత్తం ఇప్పుడే పక్కన పెట్టగలిగితే అది వేరే మాట. లేదంటే శనివారం ట్యాక్సీ చార్జీలు, ఒక సైంటిఫిక్ క్యాలిక్యులేటర్, నెలకు కాస్త డేటా ఇవ్వండి. సియావులా అనే అక్కడి సంస్థ వాళ్ల మ్యాథ్స్, సైన్స్ పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి, ఫోన్‌లో దించుకోవచ్చు. మీ వారికి ఉత్సాహం ఉంటే ఆయన్నే శనివారం ట్యూటర్‌గా వెళ్లమనండి. పిల్లలతో పనిచేసేవాళ్ల వివరాలు అక్కడ ముందుగా తనిఖీ చేస్తారు, నొచ్చుకోవద్దు. డర్బన్ వైపు 1860 నుంచి చెరకు తోటలకు వచ్చిన మనవాళ్లు, తమిళులు, మిగతా భారతీయులు పిల్లల బడుల్లో చాలా వాటిని చందాలు వేసుకునే కట్టుకున్నారు, కాబట్టి ఆ దేశంలో ఈ పని మనకు కొత్తేమీ కాదు.

ఏం చేసినా వాళ్లమ్మతో మాట్లాడే చేయండి. ఆవిడ మీ దగ్గర జీతం తీసుకునే మనిషి, నచ్చకపోయినా మీ మాటకు కాదనలేదు, అందుకని ఇదిగో ఇలా చేద్దాం అని తేల్చి చెప్పకుండా, స్కూలు మీటింగ్‌కి వెళ్లడానికి ఒక పూట సెలవిచ్చి, జీతం కోయకుండా, అక్కడ ఏం అడగాలో చెప్పి పంపండి.

చివరగా కాగితాలు. ఆ అమ్మాయికి దక్షిణాఫ్రికా బర్త్ సర్టిఫికెట్ ఉందా? జోహానెస్‌బర్గ్ ఇళ్లల్లో పనిచేసేవాళ్లలో జింబాబ్వే, లెసోతో నుంచి వచ్చినవాళ్లు చాలామంది. డిగ్రీ ఖర్చు పెట్టుకునే ప్రభుత్వ పథకం ఎన్‌ఎస్‌ఫాస్, ఇంటి ఆదాయం ఏడాదికి 3,50,000 ర్యాండ్ల లోపు ఉంటే వస్తుంది గానీ పౌరులకూ శాశ్వత నివాసులకూ మాత్రమే. సర్టిఫికెట్ ఉంటే 16 నిండగానే ఐడీకి అప్లై చేయించండి, మొదటిసారి ఉచితమే. లేకపోతే ఆ సంగతి మెట్రిక్ ఏడాదిలో బయటపడకుండా ఇప్పుడే హోమ్ అఫైర్స్ (బర్త్ సర్టిఫికెట్లు, ఐడీలు ఇచ్చే ప్రభుత్వ శాఖ) పనులు తెలిసిన లాయర్‌ని కలవాలి, మీరు నిజంగా డబ్బు పెట్టాల్సిన చోటు అప్పుడు అదే అవుతుంది.