చించినాడ వంతెన దాటాక ఏం చదివావంటారు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ అయ్యాక ఏడాదిన్నరగా ఇక్కడ ఒక నర్సింగ్ హోమ్‌లో అసిస్టెంటుగా చేస్తోంది. బీపీ చూడటం, రక్తం తీయడం, ఇంజెక్షన్లు అన్నీ వచ్చు. "పని వచ్చాక సర్టిఫికెట్ ఎందుకమ్మా" అంటారు డాక్టరు గారు. సెంటర్లో ఆరు నెలల కోర్సులో చేరతానని దీని గొడవ. మెడికల్ అసిస్టెంటు సర్టిఫికెట్ ఉంటే అమెరికా రావచ్చని మా మరిది కూతురు చెబుతోంది. ఏం చేయమంటారు?

జవాబు: డాక్టరు గారి మాటలో అబద్ధం లేదండి. ఆయన దగ్గర ఉన్నంత కాలం ఏ కాగితమూ అడగరు. చిక్కల్లా ఏంటంటే, మీ అమ్మాయి పనితనం తెలిసింది ఆయనొక్కరికే. చించినాడ వంతెన దాటి పాలకొల్లు వెళ్తే "ఏం చదివావు?" అని అడుగుతారు. రేపు పెళ్లయి కాకినాడ వెళ్లినా మళ్లీ మొదటి జీతమే. పైగా ఇంజెక్షన్ వికటించిన రోజున కూడా అడిగేది అదే ప్రశ్న. అప్పుడు డాక్టరు గారు అడ్డం పడతారో లేదో చెప్పలేం.

కాగితం సంగతి అలా ఉంచండి. చూసి పని నేర్చుకున్న ఒక అమ్మాయిని ఆమధ్య అడిగాను, రక్తం తీసేటప్పుడు పర్పుల్ మూత ట్యూబు ముందా, ఎర్ర మూతదా అని. "ఏది చేతికందితే అదేనండి" అంది. పర్పుల్ మూత దాంట్లో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే మందు ఉంటుంది, అందులో పొటాషియం ఉంటుంది. అది ముందు నింపితే, ఆ మందు కాస్త ఎర్ర ట్యూబులో కలిసినా చాలు, రిపోర్టులో పొటాషియం ఎక్కువగా, కాల్షియం తక్కువగా కనిపిస్తుంది. లేని జబ్బుకు రోగి ఇంట్లో అందరికీ టెన్షన్! చెయ్యి ఎంత తిరిగినా ఇది దానంతటది తెలియదు, ఎవరో కూర్చోబెట్టి ఎందుకో చెప్పాలి.

అలాగని ఆరు నెలల కోర్సుకు డబ్బు కట్టకండి. 2021లో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం టెక్నీషియన్ అనిపించుకోవాలంటే కనీసం రెండేళ్లు, 2,000 గంటల డిప్లొమా ఉండాలి. జనరల్ డ్యూటీ అసిస్టెంటు అనే చిన్న కోర్సు ఉంది గానీ, అది మంచం దగ్గర రోగిని చూసుకునే పనికే. ఏడాదిన్నర అనుభవం ఉన్న పిల్లకు అది వెనకడుగు.

రాజోలు చుట్టుపక్కలే ఉండాలంటే ల్యాబ్ డిప్లొమా, అంటే డీఎంఎల్‌టీ చదివించండి. ల్యాబ్ లేని సెంటర్ లేదు కదా. పట్నం వెళ్లడానికి సిద్ధమైతే నా ఓటు డయాలసిస్‌కే. ఒక్కో రోగి వారానికి రెండు మూడుసార్లు వస్తాడు, వచ్చినప్పుడల్లా దాదాపు నాలుగు గంటలు. ఆ మిషన్‌ను, ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉన్న చేతిని ఎవరికి పడితే వారికి అప్పగించరు.

అమెరికా మాట వేరు. అక్కడి మెడికల్ అసిస్టెంట్ల సంఘం ఇచ్చే సర్టిఫికెట్ ప్రధానంగా అక్కడ గుర్తింపు ఉన్న కోర్సు చదివినవాళ్లకు. ఐదేళ్లకోసారి రెన్యువల్ కూడా చేయించుకోవాలి. వీసా దాంతో రాదు.

గల్ఫ్ ఆలోచన ఉంటే మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. మన కోనసీమ ఆడవాళ్లు ఇంటిపనికి వెళ్లినట్టు కాదిది. టెక్నీషియన్‌గా వెళ్లాలంటే సర్టిఫికెట్ అసలుదేనా అని డేటాఫ్లో అనే సంస్థ చదివిన కాలేజీనే నేరుగా అడుగుతుంది. సెంటర్లో ఆరు నెలల కోర్సు చెప్పే ఆ ఇన్‌స్టిట్యూట్ అప్పటికి ఉంటుందంటారా?

చేరే ముందు కాలేజీ వాళ్లను ప్రభుత్వ గుర్తింపు కాపీ, ప్రాక్టికల్స్ జరిగే ఆస్పత్రి పేరు అడగండి. నర్సింగ్ హోమ్ మానే ముందు చేరిన తేదీ, మానిన తేదీ వేసి లెటర్‌హెడ్ మీద అనుభవ పత్రం తీసుకోమనండి. డాక్టరు గారు ఇప్పుడు ప్రేమగా ఉన్నారు కాబట్టి ఇప్పుడే అడగడం మంచిది.