దమ్మిడీ తీర్పు

తమ్ముడూ,

నీ కవరు అందింది. నీ కథల పుస్తకం మీద వచ్చిన సమీక్ష కత్తిరింపు, లాయరు చేత రాయించిన నోటీసు ముసాయిదా, నీ నాలుగు పేజీల ఉత్తరం, మూడూ చదివాను. సమీక్ష మాత్రం రెండుసార్లు చదివాను. “ఈ కథకుడు పప్పు వడ్డించి, పెరుగు రాకముందే విస్తళ్లు ఎత్తేస్తాడు” అన్న చోట, అబద్ధమెందుకు, నవ్వాను. నీకు కోపం వస్తుందని తెలుసు. కానీ వాక్యం బావుంది. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

పరువు నష్టం దావా వేస్తానంటున్నావు. నీకంటే ముందు ఒకాయన వేశాడు, గెలిచాడు కూడా. విస్లర్ అని, లండన్‌లో స్థిరపడ్డ అమెరికన్ చిత్రకారుడు. దావా వేసింది జాన్ రస్కిన్ అనే కళా విమర్శకుడి మీద. రస్కిన్ పేరు నీకు గాంధీగారి వల్ల తెలిసుంటుంది. 1904లో జొహన్నెస్‌బర్గ్ నుంచి డర్బన్ వెళ్లే రైల్లో నిద్రపోకుండా చదివి, దానితో తన బతుకే మారిపోయిందని గాంధీగారు చెప్పుకున్న పుస్తకం ఈయనదే. అంతటి మనిషి. బొమ్మల గురించి ఆయన మాటంటే ఇంగ్లండులో వేదవాక్కు.

1877లో లండన్‌లో గ్రోవ్‌నర్ గ్యాలరీ కొత్తగా తెరిచారు. విస్లర్ అక్కడ కొన్ని బొమ్మలు పెట్టాడు. అందులో ఒకదాని పేరు ‘రాలుతున్న తారాజువ్వ’. సుమారు రెండడుగుల ఎత్తున్న చెక్క పలక. దాన్నిండా చీకటి. థేమ్స్ ఒడ్డున క్రెమోర్న్ అనే విలాస తోటలో కాల్చిన బాణసంచా ఆ చీకట్లో బంగారు నలకలుగా రాలుతుంటుంది. కింద ఒడ్డున నాలుగు నీడలు ఉంటాయి, మనుషులో పొగో తేల్చి చెప్పలేం. ఫొటోలో చూస్తే ఏమీ ఉండదు, మసి పట్టిన గోడలా ఉంటుంది. కాసేపు అలాగే చూస్తూ కూర్చుంటే మాత్రం, జాతరలో చివరి జువ్వ పేలాక ఒక్క క్షణం అందరూ నోరు మూసుకుంటారే, ఆ నిశ్శబ్దం వినిపిస్తుంది. ధర 200 గినీలు, గినీ అంటే పౌండు కంటే కాస్త ఎక్కువ.

రస్కిన్ అప్పట్లో శ్రామికులకు లేఖలంటూ ఒక వరస అచ్చు వేస్తుండేవాడు. ఆ జూలై లేఖలో ఈ బొమ్మ మీద ఒక్క వాక్యం విసిరాడు. మన భాషలో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: లండన్ గల్లీ పొగరు చాలానే చూశాను గానీ, డబ్బాడు రంగు జనం మొహాన కొట్టి 200 గినీలు అడిగే షోకిల్లారాయుణ్ణి చూస్తాననుకోలేదు.

విస్లర్ వెయ్యి పౌండ్లకు దావా వేశాడు.

1878 నవంబరులో రెండు రోజులు విచారణ. రస్కిన్ మతి చెదిరి మంచాన పడి లేచినవాడు, కోర్టుకు రాలేదు. ఆయన తరఫున సాక్ష్యం చెప్పడానికి వచ్చిన బర్న్-జోన్స్ ఎవరనుకున్నావు? అదే గ్యాలరీలో విస్లర్‌తో పాటు బొమ్మలు పెట్టిన చిత్రకారుడు. బొమ్మ పూర్తి కాలేదన్నాడు. పూర్తయిన బొమ్మ ఎలా ఉంటుందో చూడండంటూ రస్కిన్ ఇంట్లోని, పాతకాలపు వెనిస్ మహాచిత్రకారుడు టిషియన్ చిత్రాన్ని జ్యూరీకి చూపించారు. (అది టిషియన్ గీసింది కాదు, వెనిస్‌లోనే ఇంకొకాయన, కతేనా, గీశాడని తర్వాత తేల్చారు. గీటురాయి సంగతే అలా ఉంది మరి!)

రస్కిన్ వకీలు అటార్నీ జనరల్. ఈ బొమ్మ ఎన్నాళ్లలో గీశావని అడిగాడు. రెండు రోజుల్లో, అన్నాడు విస్లర్. అయితే రెండు రోజుల పనికా 200 గినీలు? కాదు, జన్మంతా పనిచేసి సంపాదించుకున్న జ్ఞానానికి, అన్నాడు. కోర్టులో చప్పట్లు.

ఆ జవాబంటే నాకూ ప్రాణమే. కానీ తీర్పు చూడు. విస్లర్‌దే గెలుపన్నారు, నష్టపరిహారం ఒక్క ఫార్దింగ్ అన్నారు. అంటే పెన్నీలో నాలుగో వంతు, మన దమ్మిడీ అనుకో. ఖర్చులు ఎవరివి వాళ్లే పెట్టుకోమన్నారు. నువ్వు చెప్పింది న్యాయమే గానీ నీ పరువు దమ్మిడీ చెయ్యదని జ్యూరీలోని పన్నెండుమంది పెద్దమనుషులు ముద్ర గుద్ది మరీ చెప్పారన్నమాట. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని మనవాళ్లు ఊరికే అనలేదు. ఇక్కడైతే ఇద్దరూ ఏడ్చారు. రస్కిన్ ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్య పదవి వదిలేశాడు, ఆయన ఖర్చులకు అభిమానులు చందాలు వేసుకున్నారు. విస్లర్‌కు అప్పటికే మెడ దాకా అప్పులు, పైన ఈ ఖర్చు. 1879లో దివాలా తీశాడు. ముచ్చటపడి కట్టుకున్న ఇల్లు వేలానికి పోయింది. దాన్ని కొన్నవాడు మరో కళా విమర్శకుడు! కథలో రాస్తే అతిగా ఉందని నేనే కొట్టేయించేవాణ్ణి.

ఇదంతా విని ‘విమర్శకులంతా ఇంతే’ అనుకుంటావేమో. అందుకే ఇంకో ముక్క. 1836లో ఒక పత్రిక టర్నర్ అనే ఇంగ్లీషు చిత్రకారుడి బొమ్మల్ని చీల్చి చెండాడింది. అది చదివి ఒళ్లు మండి, టర్నర్ పక్షాన జవాబు రాసిన పదిహేడేళ్ల కుర్రాడు ఈ రస్కినే. దాన్ని ముందు టర్నర్‌కే పంపితే, ఇలాంటి వాటిలో నేను కలగజేసుకోను బాబూ అని ఆయన ఆపేశాడు. ఆ కోపం ఏడేళ్లు కుర్రాడి కడుపులో నలిగి పెద్ద గ్రంథమైంది. కొత్తగా గీసేవాడి వైపు నిలబడి పేరు తెచ్చుకున్న మనిషి, నలభై ఏళ్లు తిరిగేసరికి కొత్తగా గీసేవాడి మీద ఆ ఒక్క వాక్యం విసిరాడు.

ఎలా విసురుతారో నాకు తెలుసు. నేనూ విసిరాను. ముప్పై ఏళ్ల కిందట ఒక కుర్రాడి మొదటి కవితా సంపుటి మీద రాస్తూ, ‘ఇందులో అట్ట మీది బొమ్మకు మాత్రం ఛందస్సు కుదిరింది’ అన్నాను. రాసిన రాత్రి భలే ముచ్చటేసింది. మా ఆవిడకు చదివి వినిపించాను కూడా. అచ్చయ్యాక ఎక్కడికెళ్లినా ఆ వాక్యం చెప్పి నవ్వేవాళ్లు. లోపల పుస్తకం ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు, ఎందుకంటే నేనూ సగమే చదివాను. ఆ అబ్బాయి రెండో పుస్తకం వేయలేదు. నా వల్లే అని చెప్పలేను, కాదని చెప్పే ధైర్యమూ లేదు. బాగా కుదిరిన వాక్యం రాసేవాడికి తీర్పులా కనబడుతుంది. తగిలినవాడికీ అలాగే కనబడుతుంది. అప్పుడది వట్టి వాక్యమే కావచ్చు, లోపల సరుకున్నదీ కావచ్చు. విప్పి చూసుకోవాలి.

నీ విస్తరి వాక్యాన్ని విప్పి చూశాను. మిగతా కథల విషయంలో అది వట్టి చమత్కారం. కానీ మూడో కథ, అదే, చెరువు గట్టు కథ, అందులో పెరుగు రాలేదు తమ్ముడూ. వాళ్లక్క తిరిగొచ్చిందని చెప్పి చప్పున ఆపేశావు. గుమ్మంలో ఆమెను ఎవరు చూశారు? మొదటి మాట ఎవరన్నారు? నువ్వు ప్రూఫులు పంపినప్పుడే నేను చెప్పాల్సింది, మొహమాటపడ్డాను. ఆ తప్పు నాది.

విస్లర్ దివాలా తీశాక ఏం చేశాడో చెప్పలేదు కదూ. వెనిస్‌లో పన్నెండు ఎచింగులు, అంటే రాగిరేకు మీద గీసి అచ్చు తీసే బొమ్మలు, చేసి తెమ్మని ఒక సంస్థ పంపింది. మూడు నెలల పని. ఏడాది దాటినా అక్కడే ఉండి యాభై దాకా చేశాడు. అంతమాత్రాన పోట్లాట మానాడనుకోకు, ఆయన నోరు ఊరుకునేది కాదు, ఆ ఫార్దింగ్‌ను గడియారం గొలుసుకు తగిలించుకు తిరిగాడంటారు. తారాజువ్వ బొమ్మ మాత్రం 1892లో 800 గినీలకు అమ్ముడైంది. రస్కిన్ లెక్కలో నాలుగు డబ్బాల రంగు.

నోటీసు ముసాయిదా వెనక్కి పంపుతున్నాను. లాయరు ఫీజు ఇచ్చేశానన్నావు, పోనీలే. మంచి దళసరి కాగితం, వెనక పక్క ఖాళీగానే ఉంది. వాళ్లక్కను గుమ్మం దాకా తీసుకొచ్చి, అక్కణ్ణుంచి మొదలుపెట్టు. సంక్రాంతికి ఊరొస్తావుగా, అప్పుడు తీసుకురా, చదువుదాం. మీ వదిన అరిసెలు చేస్తానంటోంది.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య