టెన్షన్‌కు అశ్వగంధ మంచిదా, ప్రాణాయామమా?

ప్రశ్న: నా వయసు 41. ప్రైవేటు బ్యాంకులో పని. నెలాఖరు టార్గెట్లు, ఇంటి లోను, అమ్మాయి ఇంటర్ చదువు.. అన్నీ కలిసి టెన్షన్ పెరిగింది. పొద్దున లేవగానే గుండె దడ, మెడ పట్టేయడం, చిన్నదానికే చిరాకు. 8 నెలల కిందట మా కొలీగ్ ఇచ్చిన ఆల్‌ప్రాజోలం 0.25 ఎంజీ మాత్ర రాత్రి వేసుకుంటే హాయిగా నిద్ర పట్టింది. ఇప్పుడు 0.5 వేసుకుంటున్నా. ఒత్తిడి తగ్గడానికి అశ్వగంధ మంచిదా, ప్రాణాయామం మంచిదా?
- ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: అశ్వగంధ సంగతి తర్వాత. ఆ మాత్ర గురించి మీరు రెండు ముక్కల్లో దాటేశారు గానీ, మీ ఉత్తరంలో నన్ను కంగారుపెట్టింది అదే.

ఆందోళన తగ్గించే ఆల్‌ప్రాజోలం చెడ్డ మందేం కాదు. అవసరమైనవారికి కొద్ది రోజులకు మేమూ రాస్తాం. నెలల తరబడి రోజూ వేసుకుంటే మాత్రం మెదడు దానికి అలవాటు పడుతుంది. 0.25 చాలక 0.5కి వెళ్లారంటే ఆ అలవాటు మొదలైందనే అనుమానించాలి. ఇంకో సంగతి. రాత్రి వేసుకున్న మాత్ర ప్రభావం తెల్లారేసరికి దిగుతూ ఉంటుంది. అది దిగేటప్పుడు కూడా దడ, వణుకు, ఆందోళన వస్తాయి. మీరు ఆఫీసు టెన్షన్ అనుకుంటున్న పొద్దుటి దడలో కొంత ఈ మాత్ర పనే కావచ్చు. మిమ్మల్ని చూడకుండా ఖాయంగా చెప్పలేను.

ఇది షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినప్పుడు పేషెంటు పేరు, డాక్టర్ పేరు రిజిస్టర్‌లో రాసుకోవాలి. మీకు 8 నెలలుగా ఎలా దొరుకుతోందో మరి! కొలీగ్‌కి ఆయన డాక్టర్ ఏం చూసి రాశారో మీకు తెలియదు. ఇంకొకరి పేరున ఉన్న చెక్కు తెస్తే మీ కౌంటర్లో డబ్బులిచ్చేస్తారా?

అలాగని ఇది చదివి ఇవాళే మానేయకండి. ఒక్కసారిగా ఆపితే నిద్ర పట్టకపోవచ్చు, ఆందోళన ఇంకా పెరగొచ్చు, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. స్ట్రిప్ వెంటపెట్టుకుని సైకియాట్రిస్టును కలవండి. మోతాదును వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. ఈలోగా మద్యం జోలికి పోవద్దు, రెండూ కలిస్తే ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. తాగుతారో లేదో మీరు రాయలేదు, అందుకే చెబుతున్నా. గురక ఉంటే అదీ డాక్టర్‌కి చెప్పండి.

దడ అనగానే టెన్షనే అని తేల్చేసుకోకూడదు. బీపీ, షుగర్, హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), ఓ ఈసీజీ చేయించండి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా దడ, చిరాకు, నిద్రలేమి ఇలాగే ఉంటాయి. అశ్వగంధ కొందరిలో థైరాయిడ్ హార్మోన్లను పెంచుతుంది, మీ మాత్రతో కలిస్తే మగతా పెరగొచ్చు. రిపోర్టులు డాక్టర్ చూసేదాకా వద్దు.

ప్రాణాయామం చేసుకోండి. పీల్చిన దానికన్నా నెమ్మదిగా గాలి వదిలితే చాలు. బీపీ ఎంతుందో తెలియకుండా కపాలభాతి వేగంగా చేయొద్దు. సాయంత్రం 4 దాటాక టీ మానండి, రోజూ అరగంట నడవండి. టార్గెట్లు నేను తగ్గించలేను! మనసు విప్పి మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, ఉచితం.

ఈపాటికే మాత్ర ఆపేసి ఉండి వణుకు, అయోమయం, ఫిట్స్ కనిపించినా, దడతో పాటు ఛాతీ నొప్పి, చెమటలు వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.