పెరటి కలుపు: వంటింటి వెనిగరా, కొట్టులోని గడ్డి మందా?

ప్రశ్న: మా ఇంటి వెనక రెండు సెంట్ల స్థలంలో వంగ, బెండ, టమాటాతోపాటు నాలుగు గులాబీ మొక్కలు వేసుకున్నాం. తుంగ విపరీతంగా పట్టింది. ఎన్నిసార్లు పీకినా పది రోజులకే మళ్ళీ లేస్తోంది. వెనిగర్, ఉప్పు, అంట్లు తోమే సబ్బు నీళ్ళు కలిపి చల్లితే సహజంగానే పోతుందని ఎవరో చెబితే చల్లాను. మూడు రోజుల్లో ఎండిపోయింది గానీ, రెండు వారాలు తిరిగేసరికి మునుపటికన్నా ఒత్తుగా వచ్చింది. ఎరువుల కొట్టులో అడిగితే ‘గడ్డి మందు కొట్టండి, వేరుతో సహా చస్తుంది’ అని ఒక సీసా ఇచ్చారు. పిల్లలు తిరిగే పెరడు కనుక భయంగా ఉంది. రెంటిలో ఏది వాడమంటారు?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఏది వాడాలో తేల్చుకునే ముందు తడి నేలలో ఒక తుంగ మొక్క చుట్టూ జానెడు లోతున గునపంతో తవ్వి, మట్టిపెళ్ళను అలాగే పైకెత్తి చూడండి. మొక్క అడుగున శనగగింజ కన్నా కాస్త పెద్దదైన నల్లటి గడ్డ, దానికి గోధుమరంగు పీచు, ఆ గడ్డ నుంచి దారంలాంటి వేరు పక్కకు సాగి ఇంకో గడ్డ, అక్కడి నుంచి మరొకటి కనిపిస్తాయి. గోటితో గిల్లితే సువాసన వస్తుంది. మూలికల కొట్టులో తుంగముస్తలని అమ్మేవి ఇవే. మీరు మొక్కను పీకినప్పుడు ఆ దారం పుటుక్కున తెగి, గడ్డలు నేలలోనే ఉండిపోతాయి. అంతేకాదు, గొలుసుగా ఉన్నంతకాలం నిద్రపోతున్న వెనకటి గడ్డలు కూడా, తెగి విడిపోగానే వేటికవే మొలకెత్తుతాయి. ఎన్నిసార్లు పీకినా మళ్ళీ లేవడానికి కారణం ఇదే.

వెనిగర్ పని తీరు కూడా ఇక్కడే తేలిపోతుంది. మనం వంటకు కొనే వెనిగర్‌లో ఆమ్లం 4 – 5 శాతానికి మించదు. అది తాకిన ఆకును మాడుస్తుందే తప్ప ఆకులోంచి గడ్డకు దిగదు. గింజ నుంచి అప్పుడే మొలిచి, రెండు మూడు ఆకులతో ఉన్న లేత కలుపు మీద, అదీ మంచి ఎండ కాసే పూట చల్లితే ఫలితం ఉంటుంది. తుంగకు, గరికకు అది క్షవరం చేసినట్టు మాత్రమే. కొందరు 20 శాతం గాఢత గల ఆమ్లాన్ని తెప్పించి చల్లుతున్నారు. కంట్లో చుక్క పడితే చూపుకే ప్రమాదం, చర్మం మీద పడితే కాలుతుంది. సహజమన్న పేరున్నంత మాత్రాన అది పిల్లలున్న ఇంట్లో ఉంచదగినది కాదు.

ఆ మిశ్రమంలో నాకు అన్నిటికన్నా అభ్యంతరమైనది ఉప్పు. ఆమ్లం కొద్దిరోజులకు మట్టిలో విరిగిపోతుంది గానీ, ఉప్పులోని సోడియం అలా విరిగిపోదు, మట్టిని పట్టుకుని ఉండిపోతుంది. అది మట్టి రేణువుల కూర్పును చెడగొట్టి, తడిస్తే బంకగా, ఎండితే రాయిలా మారుస్తుంది; నల్లరేగడిలో ఈ చేటు ఇంకా ఎక్కువ. కొబ్బరికి ఉప్పు వేస్తారు కదా అని మీ వైపు వారు తప్పక అడుగుతారు. కొబ్బరి ఉప్పును తట్టుకునే చెట్టు, పైగా దానికి క్లోరైడు అవసరం. వంగకు, బెండకు, గులాబీకి ఆ శక్తి లేదు. మీరు చల్లింది ఒక్కసారే కనుక కంగారు పడనక్కరలేదు. నీరు నిలవకుండా దారి చేసి, మంచినీటితో ఆ చోటును రెండు మూడు సార్లు బాగా తడిపి, బాగా చివికిన పశువుల ఎరువు వేయండి. ఎక్కువగా చల్లిన చోట తొలకరికి జీలుగ (పచ్చిరొట్ట పైరు) విత్తనం చల్లి, పూతకు రాకముందే మట్టిలో కలియదున్నినట్టు తిరగేయండి. చౌడు నేలల్లో రైతులు చేసేదీ ఇదే.

ఇక కొట్టువారు ఇచ్చిన సీసా. అది గ్లైఫోసేట్ అయితే, ‘వేరుతో సహా చస్తుంది’ అన్నమాటలో సగం నిజముంది. 1974 నుంచి బజారులో ఉన్న ఈ మందు పచ్చని ఆకు ద్వారా లోనికి పోయి, ఆహారంతోపాటు వేరుకు, గడ్డకు దిగి, మొక్క తనకు కావలసిన కొన్ని అమైనో ఆమ్లాలను తయారు చేసుకోకుండా అడ్డుపడుతుంది. ఆకు వేసిన గడ్డ ఒకటి రెండు వారాల్లో చస్తుంది గానీ, ఆకు వేయకుండా నిద్రలో ఉన్న గడ్డకు మందు చేరదు. కాబట్టి ఒక్కసారితో తుంగ పోదు. పైగా దానికి కలుపనీ, వంగ అనీ తేడా తెలియదు. గాలికి నాలుగు తుంపరలు పడినా మీ గులాబీ లేత కొమ్మలు ఆ మందును పీల్చుకుంటాయి.

ఆరోగ్యం సంగతికొస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో గ్లైఫోసేట్‌ను ‘మనుషులకు బహుశా క్యాన్సర్ కారకం’ అన్న వర్గంలో చేర్చింది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఆ అవకాశం లేదంటోంది. ఈ వాదం ఎటు తేలినా, మన దేశంలో దీనికి అనుమతి ఉన్నది తేయాకు తోటలకు, పంట లేని నేలలకు మాత్రమే. 2022 అక్టోబరులో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు, చీడపీడల నియంత్రణ వృత్తిగా చేసేవారు తప్ప మరెవరూ దీన్ని వాడరాదని చెప్పింది. మీ కూరగాయల మడి తేయాకు తోటా కాదు, పంట లేని నేలా కాదు. ఒకవేళ సీసా మీద పారాక్వాట్ అనే మరో గడ్డి మందు పేరు ఉంటే, దాన్ని ఇంట్లో ఒక్కరోజు కూడా ఉంచకండి. అది పొరపాటున నోట్లోకి పోతే విరుగుడు లేదు. ఏదైనా సరే, మూత తీయకముందే తిరిగి ఇచ్చేయండి.

రెండు సెంట్లకు మందు అక్కరలేదు, ఓపిక కావాలి. వేసవిలో ఏప్రిల్, మే నెలల్లో ఖాళీగా ఉన్న మడిని జానెడు లోతున తిరగేసి, గడ్డలను ఏరి, మిగిలినవి పైకి తేలి ఎండేలా రెండు వారాలు వదిలేయండి. తుంగగడ్డ నీరు పోస్తే ఎన్నాళ్ళైనా బతుకుతుంది గానీ మాడే ఎండకు తట్టుకోలేదు. ఆ రోజుల్లో చుక్క నీరు కూడా పోయవద్దు. పలచటి ప్లాస్టిక్ పట్టా కప్పితే తుంగ మొలక సూదిలా దాన్ని పొడుచుకుని వస్తుంది కనుక, మొక్కల మధ్య మందపాటి అట్టపెట్టెలు పరిచి, పైన నాలుగు అంగుళాల వరిగడ్డి వేయండి. అంచుల్లో లేచినదాన్ని రెండు వారాలకొకసారి దోకుడుపారతో మట్టి మట్టానికి చెక్కేయాలి. మొలిచిన మూడు వారాలకు అది కొత్త గడ్డలు కట్టడం మొదలుపెడుతుంది. అంతకన్నా ముందే ఆకు పోతే, పాత గడ్డ దాచుకున్నది ఖర్చు చేసుకుంటూ నీరసిస్తుంది. తుంగకు నీడ గిట్టదు. వానాకాలంలో ఆ చోట చిలగడదుంప తీగనో, అలసందనో గుబురుగా పాకించండి. రెండు వానాకాలాలు పడుతుంది, అంతకు తక్కువలో పోతుందని నేను చెప్పలేను.

ప్రశ్న: కారు నిలిపే చోట పలకల సందుల్లో గడ్డి మొలుస్తోంది. దానికీ ఇంత శ్రమ పడాలా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: అక్కరలేదు. మరిగే నీళ్ళు సందుల్లో నేరుగా పోయండి. ఉప్పు వేయకుండా వార్చిన వేడి గంజి అయినా సరే. వారం తరువాత మరోసారి పోసి, సందుల్లో ఇసుక కూరండి. చెప్పులు వేసుకుని పోయండి, మొక్కల మొదళ్ళకు మాత్రం దూరంగా.

ప్రశ్న: మా పక్క ఖాళీ స్థలంలో వయ్యారిభామ నిండిపోయింది. పొరుగువారు 2,4-డి అనే కలుపు మందు కొట్టించారు. నాలుగు రోజులకు మా టమాటా ఆకులు మెలితిరిగి, సన్నగా తాళ్ళలా అయ్యాయి. తెగులా, మందు ప్రభావమా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీరు చెప్పిన లక్షణాలు మందువే అనిపిస్తున్నాయి. 2,4-డి వెడల్పాకు కలుపును చంపుతుంది, టమాటా కూడా వెడల్పాకు మొక్కే. ద్రాక్ష, పత్తి, టమాటా దీనికి ఎంత సున్నితమంటే, పక్క మడి నుంచి గాలికి వచ్చిన ఆవిరి చాలు. అదే స్ప్రేయరును సరిగా కడగకుండా మరోచోట వాడినా ఇదే జరుగుతుంది. బాగా మెలితిరిగిన మొక్కలను తీసేయండి, వాటి కాయలు తినకండి. ఇప్పటినుంచి వచ్చే చిగురు మామూలుగా ఉంటే మిగతావి కోలుకుంటున్నట్టే.

వయ్యారిభామకు పొరుగువారూ మీరూ కలిసి వాన పడిన మర్నాడు, అది తెల్లగా పూయకముందే, చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ కట్టుకుని వేరుతో పీకించండి. దాని వేరు తుంగలా కాదు, సులభంగా వస్తుంది. పూతకొచ్చిన ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది కనుక ఆలస్యం కూడదు. లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కలిపి చల్లమని బంజరు స్థలాలకు చెప్పే సలహా ఒకటుంది. దాన్ని మీ ప్రహరీ పక్కన పాటించకండి, వాన నీటితో ఆ ఉప్పు మీ మడిలోకే దిగుతుంది.

ప్రశ్న: నేను కొన్న గడ్డి మందు డబ్బా మీద ఆకుపచ్చ త్రికోణం ఉంది. అంటే సేంద్రియమనే కదా?
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: కాదు. తినుబండారాల పొట్లాల మీద శాకాహారానికి వేసే ఆకుపచ్చ చుక్కను చూసి చాలామంది ఇలాగే పొరబడుతున్నారు. మన దేశంలో పురుగు మందుల, కలుపు మందుల డబ్బాల మీద ఉండే ఆ గుర్తు విష తీవ్రతను చెబుతుంది. ఎరుపు అత్యంత విషపూరితం, తరువాత పసుపు, ఆపైన నీలం, అన్నిటికన్నా తక్కువకు ఆకుపచ్చ. అదీ రసాయనమే, పిల్లలకు అందకుండా తాళం వేసి ఉంచవలసిందే. ఇక ‘పూర్తిగా సేంద్రియం’ అని రాసి, లోపల ఏముందో, రిజిస్ట్రేషన్ సంఖ్య ఏమిటో చెప్పని డబ్బాలను మాత్రం ఏ రంగు గుర్తున్నా కొనకండి.