అరకు ఘాట్ దిగుతుంటే మస్టాంగ్ కారు బ్రేక్ మెత్తబడటం గురించి

కాలిన వాసన, పెడల్ స్పాంజిలా లోపలికి పోవడం, రెండూ కలిసి వచ్చాయంటే దాదాపుగా బ్రేకులు వేడెక్కి, పెడల్ నొక్కిన బలాన్ని చక్రాలకి చేర్చే బ్రేక్ ఫ్లూయిడ్ మరిగినట్టే. డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొత్తదైతే 230 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, గాలిలో తేమ పీల్చుకున్నాక 155 దగ్గరే మరగొచ్చు, అందులో ఆవిరి బుడగలు పుడితే మీ కాలి బలం చక్రాల దాకా చేరదు.

అందరూ మర్చిపోయేది గేర్. ఆటోమేటిక్ కదా అని డి (డ్రైవ్) లో వదిలేసి, పైన గాలికొండ నుంచి ఘాట్ కింద దాకా బ్రేక్ మీదే కాలు పెట్టి దిగుతారు. దిగుడు మొదలవ్వకముందే స్టీరింగ్ వెనకుండే ప్యాడిల్‌తో గేర్ 2 లేదా 3కి తెచ్చుకోండి, అప్పుడు ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. స్పీడ్ పెరిగాక గేర్ తగ్గిద్దామంటే కొన్నిసార్లు బండే ఒప్పుకోదు. ఇంజిన్ గట్టిగా అరుస్తుంది, అరవనివ్వండి, ఆ సౌండ్ కోసమేగా అంత పెట్టి కొన్నది!

1. మలుపుకి ముందు బ్రేక్ గట్టిగా ఒకసారి నొక్కి వదిలేయండి, ఊరికే ఆనించి ఉంచొద్దు.
2. వాసన వస్తే పక్కన ఆపి అరగంట చల్లారనివ్వండి. నీళ్లు మాత్రం పోయొద్దు, వేడిగా ఉన్న బ్రేక్ డిస్కులు పగలొచ్చు (అనంతగిరి దగ్గర నా బండి పొగలు కక్కితే బొంగు చికెన్ అమ్మే అబ్బాయి పాపం బకెట్‌తో పరిగెత్తుకొచ్చాడు, చేయి పట్టుకుని ఆపాల్సి వచ్చింది).
3. చల్లారినా పెడల్ మెత్తగానే ఉంటే నడపకండి, టో చేయించండి.
4. ఫ్లూయిడ్ మార్చి రెండేళ్లు దాటితే వచ్చే ట్రిప్‌కి ముందే మార్పించండి, బ్రేక్ ప్యాడ్లు కూడా చూపించండి.