పాఠకుల ప్రశ్నలు: టవరు, ఓవెన్, రోగనిరోధక శక్తి

ప్రశ్న: పక్కింటి డాబా మీద సెల్ టవరు పెట్టి ఏడాదయింది. అప్పట్నుంచి మా ఆరేళ్ల బాబుకి నెలా రెండు నెలలకోసారి జలుబు, జ్వరం. ఆ తరంగాలు పిల్లల్లో రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయని ఊళ్లో అంటున్నారు. ఇల్లు మారాలా? (రాజోలు నుంచి ఒక తల్లి)

జవాబు: మారనక్కర్లేదమ్మా. టవరు పంపేవి మైక్రోవేవ్ తరంగాలు. అవి ఒంట్లో చేసే పని ఒకటి ఖాయంగా తెలుసు, వేడి పుట్టించడం. కిలో బరువుకి 4 వాట్ల చొప్పున ఒళ్లంతా పీల్చుకుంటే ఒంటి వేడి సుమారు ఒక డిగ్రీ సెల్సియస్ పెరుగుతుంది. అంత మోతాదులో జంతువుల రక్తంలో ఒత్తిడి హార్మోన్లు పెరిగి, లింఫోసైట్ల (రోగాలతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు) లెక్క మారింది. జనానికి పెట్టిన అంతర్జాతీయ పరిమితి అందులో యాభయ్యో వంతు, అంటే కిలోకి 0.08 వాట్లు. టవర్ల విషయంలో మన ప్రభుత్వం 2012 సెప్టెంబరులో దాన్ని కూడా పదో వంతుకి దించింది. 1800 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ దగ్గర, ఒంటిమీద పడే తరంగాల బలంగా చూస్తే, అది చదరపు మీటరుకి 0.9 వాట్లు.

మరి వేడి పుట్టనంత తక్కువ మోతాదు మాటేమిటి? ఈ భయం పాతదే. సోవియట్ పరిశోధకులు 1970లు, 80ల్లో ఎలుకలకి తక్కువ మోతాదు ఇచ్చి, సొంత మెదడు కణజాలం మీదే పనిచేసే యాంటీబాడీలు పుట్టాయన్నారు. తర్వాత రష్యా, ఫ్రాన్స్ బృందాలు దాన్ని ఒకే పద్ధతిలో మళ్లీ పరీక్షించాయి: 2450 మెగాహెర్ట్జ్, కిలోకి 0.16 వాట్లు, రోజుకి 7 గంటలు, వారానికి 5 రోజులు, మొత్తం 30 సార్లు. రష్యావాళ్లకి కొంత మార్పు కనిపించింది, ఫ్రెంచివాళ్లకి కనిపించలేదు. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు 100 ఎలుకల్ని 25 నెలలపాటు రోజుకి 21 గంటలకు పైగా తరంగాల్లో ఉంచారు. 13వ నెలలో లింఫోసైట్లలో తేడా కనబడింది, 25వ నెలకి అది లేదు. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ తరంగాలను ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అనే జాబితాలో చేర్చిన మాట నిజమే. అయితే అది క్యాన్సర్‌కి సంబంధించిన నిర్ణయం, రోగనిరోధక శక్తికి సంబంధించింది కాదు.

ఇంకో సంగతి. అంతర్వేది లైట్‌హౌస్ మొదట్లో నిలబడితే వెలుగు మీ మీద పడదు, దూరానికి పోతుంది. టవరు యాంటెనా కూడా అంతే, దాని పుంజం అడ్డంగా సాగుతుంది. దాని ఎదురుగా 30 మీటర్ల దగ్గర ఉన్న బలం 60 మీటర్లకి వెళ్లేసరికి నాలుగో వంతవుతుంది. అసలు జాగ్రత్త చేతిలో ఫోనుతోనే. కొబ్బరితోటల మధ్య సిగ్నల్ అందని చోట అది తన శక్తి పెంచుకుని పంపుతుంది. అక్కడ స్పీకర్ పెట్టి మాట్లాడండి. అనుమానం తీరకపోతే టెలికాం శాఖ వారి తరంగ్ సంచార్ పోర్టల్‌లో మీ చుట్టుపక్కల టవర్ల వివరాలు చూడొచ్చు, రుసుము కట్టి కొలిపించుకోవచ్చు.

బాబు సంగతికొస్తే, బడికెళ్లే చిన్నపిల్లలకి ఏడాదిలో ఆరేడుసార్లు జలుబు చేయడం మామూలే. ఏడాదిలో రెండుసార్లు న్యుమోనియా, నాలుగుసార్లు చెవిలో చీము, మళ్లీమళ్లీ లోతైన సెగ్గడ్డలు, బరువు పెరగకపోవడం: వీటిలో ఏది ఉన్నా పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, రక్తకణాల లెక్క, ఇమ్యునోగ్లోబులిన్ (రక్తంలోని యాంటీబాడీలు) పరీక్షల గురించి అడగండి. కాలవల పక్క ఊళ్లలో జ్వరం మూడు రోజులు దాటితే డెంగీ, మలేరియా, టైఫాయిడ్ చూడాలి. టవరు మీదికి నెపం నెట్టేసి వీటిని వదిలేస్తారేమోననే మా బెంగ.

ప్రశ్న: మైక్రోవేవ్ ఓవెన్‌లో ఫోను పెట్టి తలుపు మూసి రింగ్ ఇస్తే మోగింది. అంటే లీకవుతున్నట్టేనా? (భీమవరం)

జవాబు: కాదు. ఫోను వాటులో వందకోట్ల వంతు కంటే తక్కువ సిగ్నల్ని కూడా పట్టుకుంటుంది కాబట్టి ఆ పరీక్షకి అర్థం లేదు. తలుపు నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకి 5 మిల్లీవాట్లు దాటకూడదన్నది నియమం. అరమీటరు దూరం జరిగితే అది సుమారు నూరో వంతే. మీరు చూడాల్సింది తలుపు. సముద్రపు గాలి తగిలే ఇళ్లలో బందులు తుప్పుపడతాయి. తలుపు వంగినా, అంచున ఆహారం పేరుకున్నా, లోపలి పెయింటు లేచి నిప్పురవ్వలు వస్తున్నా వాడకం ఆపి మెకానిక్‌కి చూపించండి. మీరు మాత్రం విప్పకండి. ప్లగ్ తీశాక కూడా కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంటు నిలవుంటుంది.

ప్రశ్న: కీమో తీసుకుంటున్న నాన్నగారికి ఓవెన్‌లో వేడిచేసిన అన్నం పెట్టొచ్చా? (అమలాపురం)

జవాబు: పెట్టొచ్చు. స్విచ్ ఆపగానే తరంగాలు ఉండవు, ఆహారంలో ఏమీ మిగలవు. కీమోతో రోగనిరోధక శక్తి తగ్గి ఉంటుంది కాబట్టి ప్రమాదం సగం సగం వేడెక్కడంతోనే. చేపల పులుసైతే ముక్క మధ్య చల్లగానే ఉండిపోవచ్చు, అక్కడ సూక్ష్మజీవులు బతికే ఉంటాయి. మూతపెట్టి, మధ్యలో ఒకసారి కలిపి, ఆపాక రెండు నిమిషాలు వదిలి, మధ్యలో కూడా 74 డిగ్రీలు దాటి పొగలు వస్తున్నదో లేదో చూడండి. అన్నం మాత్రం వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. రాత్రంతా బయట ఉన్న అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా విషం తయారైతే అది ఎంత వేడి చేసినా పోదు. ఆయనకి అది పెట్టకండి.